వెర్దిక్కియో వైను

వెర్దిక్కియో అనునది ఇటలీ దేశపు మధ్యభాగంలో, ఏడ్రియాటిక్ సముద్రతీరాన ఉన్న మార్కే ప్రాంతానికి చెందిన ఒక తెల్ల ద్రాక్ష రకం. ఆ ద్రాక్షతో తయారుచేసే వైనుకు కూడా ఇదే పేరు. ఇది తీపి లేని, పులుపు హెచ్చుగా ఉండే వైను. లేత ఎండుగడ్డి రంగులో ఉండి, వెలుగులో పట్టి చూస్తే ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. మింగిన తరువాత నాలుకపై బాదం పప్పు తొక్కను తలపించే చిరుచేదు మిగలడం దీని ముఖ్య లక్షణం. ఆల్కహాలు శాతం సాధారణంగా 12 నుండి 13.5 వరకు ఉంటుంది.

ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఇది చేపల వంటకాలతో తాగే చవక వైనుగా అనేక దేశాలలో పేరు పొందింది. ఆ పేరులో సగం మాత్రమే నిజం. చేపలతో దీనికి కుదిరే పొత్తు నిజమైనదే. చవకదనం మాత్రం ద్రాక్ష స్వభావం వలన కాక, దానిని పండించి అమ్మిన తీరు వలన వచ్చింది. జాగ్రత్తగా చేసిన వెర్దిక్కియో పది సంవత్సరాలకు పైగా నిలువ ఉండి, మాంసాహార వంటకాలకు కూడా తగినదిగా మారుతుంది. ఇటలీ తెల్ల వైన్లలో ఇట్టి గుణం ఉన్నవి తక్కువ.

పేరు

ఇటాలియన్ భాషలో "వెర్దే" అనగా ఆకుపచ్చ. పండిన తరువాత కూడా ఈ ద్రాక్ష గింజల తొక్కపై పచ్చదనం పూర్తిగా పోదు కనుక ఆ పేరు వచ్చింది. ఈ వైను రెండు ప్రదేశాల పేర్లతో లభిస్తుంది. ఒకటి వెర్దిక్కియో దెయ్ కాస్తెల్లి ది యేజి, రెండవది వెర్దిక్కియో ది మతేలిక. యేజి, మతేలిక రెండూ పట్టణాలు. "కాస్తెల్లి" అనగా కోటలు. యేజి పట్టణం చుట్టూ కొండలపై ఉన్న ప్రాకారాల గ్రామాలను ఆ మాట సూచిస్తుంది. యేజి పేరును రోమన్ లిపిలో "జె" అక్షరంతో రాసినప్పటికీ పలికేటప్పుడు "య" అనే పలకాలి. ఇతర దేశాల దుకాణాలలో "జెసి" అని పలకడం పరిపాటి అయింది.

ఉత్తర ఇటలీలోని త్రెబ్బియానో ది సోవావే అనే ద్రాక్ష, గార్దా సరస్సు దక్షిణాన తుర్బియానా అనే పేరుతో పెంచే ద్రాక్ష, వెర్దిక్కియో — ఈ మూడూ ఒకే రకమని డి.ఎన్.ఏ. పరిశీలనలలో తేలింది. పదిహేనవ శతాబ్దంలో తెగుళ్ళతో జనం తగ్గిపోయిన మార్కే గ్రామాలకు వెనిస్ ప్రాంతపు రైతులు వలస వచ్చి తమ తీగలను వెంట తెచ్చి ఉంటారని కొందరు చరిత్రకారుల ఊహ. ఇక్కడ ఒక విషయం గమనించాలి. తీగ ఒక్కటే అయినా గార్దా ఒడ్డున చేసిన వైనుకు, మార్కే కొండలలో చేసిన వైనుకు రుచిలో తేడా స్పష్టంగా ఉంటుంది. నేల, గాలి, చేసే చేయి కలిసి ఎంత మార్పు తెస్తాయో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

పండే ప్రదేశాలు

యేజి పట్టణం ఎజీనో నది లోయలో, అంకోనా రేవుకు పడమరగా ఉంది. (పవిత్ర రోమన్ చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ 1194లో, సంగీతకర్త పెర్గొలేజీ 1710లో ఈ పట్టణంలోనే జన్మించారు.) నదికి రెండు వైపులా ఉన్న కొండలపై కుప్రమొంతానా, స్తాఫ్ఫొలో, మొంతెకరొత్తో, మయొలాతి స్పొంతీని, కాస్తెల్‌ప్లానియో, సెర్రా సాన్ క్వీరికో మొదలైన గ్రామాలలో తోటలు ఉన్నాయి. లోయ సముద్రం వైపు తెరుచుకొని ఉంటుంది కనుక పగటి వేడిని సముద్రపు గాలి తగ్గిస్తుంది. నేల బంకమన్ను, సున్నపురాయి కలిసినది. నదికి దక్షిణాన ఎత్తుగా ఉన్న కుప్రమొంతానా, స్తాఫ్ఫొలో తోటల వైనులో పులుపు పదునుగాను, పల్లపు తోటల వైనులో కాస్త మెత్తగాను ఉంటుందని అక్కడివారు చెబుతారు.

మతేలిక ఇందుకు భిన్నమైనది. మార్కేలోని నదులు చాలావరకు అపెన్నైన్ పర్వతాల నుండి తూర్పుగా సముద్రంలోకి పారుతాయి. మతేలిక లోయ మాత్రం ఉత్తర దక్షిణాలుగా, పర్వతశ్రేణికి సమాంతరంగా ఉంది. సముద్రానికీ లోయకూ నడుమ కొండలు అడ్డు ఉండటం వలన సముద్రపు గాలి ఇక్కడికి చేరదు. పగలు ఎండ, రాత్రి చలి ఎక్కువ. ద్రాక్ష నెమ్మదిగా పండుతుంది, పులుపు కోల్పోదు. విస్తీర్ణంలోను, ఉత్పత్తిలోను యేజి కంటే ఇది చాలా చిన్నది. కాగితం తయారీకి ప్రసిద్ధి పొందిన ఫాబ్రియానో పట్టణపు పొలాలలో కొన్ని ఈ మండలంలోకే వస్తాయి.

చరిత్ర

సా.శ. 410లో గోతుల రాజు అలారిక్ రోము నగరంపై దండెత్తి వెళ్తూ తన సైనికుల కోసం ఈ ప్రాంతపు వైను పీపాలను వెంట తీసుకువెళ్ళాడని ఒక కథ ప్రచారంలో ఉంది. సీసాలపైన, ప్రచార పత్రాలలోను ఇది తరచు కనిపిస్తుంది. దీనిని ఐతిహ్యంగానే తీసుకోవాలి.

మార్కే ప్రాంతంలో వ్యవసాయం చాలా కాలం పాలు పద్ధతిలో జరిగింది. భూమి యజమానిది, శ్రమ కౌలుదారు కుటుంబానిది, పంట ఇద్దరికీ. అట్టి పొలంలో గోధుమ, ఆలివ్, ద్రాక్ష, పశువులు అన్నీ కలిసి ఉండేవి. ద్రాక్ష తీగలను చెట్ల మీదికి పాకించేవారు. వైను ఇంటి అవసరానికీ, యజమాని వాటాకూ సరిపడేది. పులిసిన వైనులో కొంత ఎండబెట్టిన ద్రాక్ష రసాన్ని కలిపి మళ్ళీ పులియబెట్టే అలవాటు కూడా ఉండేది. దానివలన వైను కొంచెం చిక్కగా, సన్నని బుడగలతో ఉండేది. 1964లో ఇటలీ ప్రభుత్వం కొత్తగా పాలు ఒప్పందాలు చేసుకోవడాన్ని నిషేధించింది. ఆ దశాబ్దంలో గ్రామీణ జనం పట్టణాలకు తరలిపోగా, మిగిలిన భూములలో ద్రాక్ష ఒక్కటే వరుసలుగా వేసిన తోటలు వెలిశాయి.

ఇంతకు ముందే వెర్దిక్కియోను బయటి ప్రపంచానికి పరిచయం చేసిన సంఘటన ఒకటి జరిగింది. కాస్తెల్‌ప్లానియో గ్రామంలోని ఫాత్సి బత్తాల్యా సంస్థ కోసం 1953లో వాస్తుశిల్పి అంతోనియో మయొక్కి ఒక కొత్త సీసాను రూపొందించాడు. ప్రాచీన కాలంలో నూనె, వైను రవాణా చేసిన ఏంఫొరా జాడీ ఆకారంలో, నడుము సన్నగా, పచ్చని గాజుతో చేసిన సీసా అది. మెడకు చిన్న కాగితపు చుట్ట కట్టి ఉండేది. వేల సీసాల మధ్య కూడా దానిని గుర్తుపట్టకుండా ఉండటం సాధ్యం కాదు. ఇతర ఉత్పత్తిదారులు కూడా అదే బాట పట్టారు. ఇటలీ వెలుపల ఉన్న ఇటాలియన్ భోజనశాలలలో ఈ సీసా ఒక అలంకారంగా మారింది.

సీసా వలన కలిగిన మేలు ఎంతో, కీడు కూడా అంతే. గిరాకీ పెరిగేకొద్దీ ఎకరాకు దిగుబడి పెంచారు. పలుచబడిన రసంతో వాసన తక్కువ, రుచి తక్కువ అయిన వైను పెద్దయెత్తున వెలువడింది. ఆకారం చూసి కొన్నవారు రుచి చూసి మళ్ళీ కొనడం మానివేశారు. 1980ల నుండి పరిస్థితి మారసాగింది. బుచ్చి, గరొఫోలి, ఉమాని రొంకి, మతేలికలో లా మొనచెస్కా వంటి ఉత్పత్తిదారులు దిగుబడి తగ్గించి, ఏంఫొరా సీసాను వదలి మామూలు సీసాలలో వైను అమ్మడం మొదలుపెట్టారు. సీసాను వదలడం ఇక్కడ ఒక ప్రకటన వంటిది: ఇది లోపలి సరుకును చూసి కొనవలసిన వైను అని చెప్పడం. ఏంఫొరా సీసా పూర్తిగా కనుమరుగు కాలేదు, దాని తొలి ఉత్పత్తిదారు పేరుతో కొనసాగుతున్నది.

మతేలిక వైనుకు 1967లో, యేజి వైనుకు 1968లో డి.ఓ.సి. గుర్తింపు లభించింది. ఇది ఏ ప్రదేశపు ద్రాక్షతో, ఏ నియమాలతో చేసినదో తెలిపే ప్రభుత్వ ముద్ర. రెండింటిలోను కనీసం 85 శాతం వెర్దిక్కియో ద్రాక్ష ఉండాలి. చాలామంది నూటికి నూరు శాతం అదే వాడతారు. నిలువ ఉంచి విడుదల చేసే "రిజేర్వా" తరగతికి 2009–10 సంవత్సరాలలో ఇంకా పై స్థాయి అయిన డి.ఓ.సి.జి. హోదా వచ్చింది. రిజేర్వా అనిపించుకోవాలంటే కనీసం 18 నెలలు నిలువ ఉంచాలి, అందులో ఆరు నెలలు సీసాలో ఉండాలి.

తయారీ

వెర్దిక్కియో ఆలస్యంగా పండే ద్రాక్ష. కోత సాధారణంగా సెప్టెంబరు రెండవ సగంలో మొదలై అక్టోబరులోకి సాగుతుంది. గుత్తులను మెత్తగా పిండి, తొక్కలను వెంటనే వేరుచేసి, రసాన్ని చల్లని ఉక్కు తొట్లలో పులియబెడతారు. తాజాగా తాగవలసిన వైనును వచ్చే వసంతానికి సీసాలలో నింపుతారు. దానికి కొయ్య పీపా తగలదు. మెరుగైన వైన్లను అడుగున పేరిన ఈస్ట్ మడ్డిపై నెలల తరబడి ఉంచుతారు. దీనివలన వైనుకు చిక్కదనం వస్తుంది. కొయ్య వాడకంలో ఏకాభిప్రాయం లేదు. బుచ్చి వారు రిజేర్వాను పెద్ద, పాత ఓక్ పీపాలలో ఉంచుతారు. పాత పీపా వైనుకు కొయ్య వాసన ఇవ్వదు, గాలిని మాత్రం కొద్దికొద్దిగా అందిస్తుంది. గరొఫోలి వారి పోదియుం కొయ్య తగలకుండా ఉక్కు తొట్లలోనే తయారవుతుంది. రెండు మార్గాలలోను దీర్ఘకాలం నిలిచే వైను వచ్చింది. కొత్త చిన్న పీపాల ఘాటు మాత్రం ఈ ద్రాక్షకు అంతగా నప్పలేదనే చెప్పవచ్చు.

ఇదే ద్రాక్షతో నురుగు వైను, ద్రాక్షను ఎండబెట్టి చేసే తీపి వైను కూడా చేస్తారు. తగినంత పులుపు ఉండటమే ఇన్ని రూపాలకు ఆధారం.

రుచి చూసే విధానం

తాజా వెర్దిక్కియోను 8 నుండి 10 డిగ్రీల సెల్సియస్ వద్ద, రిజేర్వాను 12 డిగ్రీల వద్ద వడ్డించడం వాడుక. ఫ్రిజ్ లోపలి ఉష్ణోగ్రత ఇంకా తక్కువ ఉంటుంది కనుక సీసాను పది పదిహేను నిమిషాల ముందు బయట పెట్టాలి. ఈ చిన్న విషయాన్ని తేలికగా తీసుకోరాదు. మరీ చల్లగా ఉన్న వైనులో వాసనలు పైకి లేవవు, చేదు, పులుపు మాత్రమే తెలుస్తాయి. ఈ వైను రుచి లేనిదని అనేవారిలో చాలామంది దానిని గడ్డకట్టే చలిలో తాగినవారే.

గ్లాసు మూడవ వంతు మాత్రమే నింపి, తెల్లని కాగితం ముందు వంచి చూడాలి. అంచున ఆకుపచ్చ ఛాయ ఉంటే వైను లేతది. బంగారు రంగు తిరిగితే వయసు వచ్చినది. ఒకటి రెండేళ్ళ వైను గోధుమ రంగులోకి మారి ఉంటే గాలి తగిలి పాడైందని అర్థం.

తరువాత వాసన. వెర్దిక్కియో గుప్పున వాసన వేసే రకం కాదు. గ్లాసును కొద్దిగా తిప్పి, ఒకసారి చూసి, కాసేపు ఆగి మళ్ళీ చూడాలి. నిమ్మ తొక్క, పచ్చి ఆపిల్, తెల్ల పూలు, పచ్చి బాదం, కొంచెం సోంపు — ఇవి సాధారణంగా తెలుస్తాయి. మతేలిక వైన్లలో సోంపు వాసన మరింత స్పష్టమని చెబుతారు. 2019లో ప్రచురితమైన ఇటలీ పరిశోధన ఒకటి ఈ ద్రాక్ష వైన్లలో మిథైల్ సాలిసిలేట్ అనే పదార్థం ఇతర రకాల కంటే హెచ్చుగా ఉంటుందని తెలిపింది. ఒళ్ళు నొప్పులకు రాసుకునే లేపనాల ద్వారా తెలుగువారి ముక్కుకు బాగా పరిచయమైన వాసన ఇదే. వైనులో అది లేపనమంత ఘాటుగా ఉండదు. చల్లని ఆకు నలిపినట్లు సన్నగా, ఎక్కువగా వయసు వచ్చిన వైనులో తెలుస్తుంది. ఒకసారి ఈ పోలిక తెలిసిన తరువాత దానిని గుర్తుపట్టడం కష్టం కాదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం బిరడా వలన వైను చెడిందని తెలుసుకోవాలి. అది తాగితే హాని లేదు, రుచి ఉండదు.

నోటిలోకి తీసుకున్నప్పుడు మొదట పులుపు తెలుస్తుంది. నాలుక ప్రక్కల నుండి లాలాజలం ఊరుతుంది. మింగిన తరువాత ఎంతసేపు ఊరితే అంత పులుపు ఉన్నదని ఒక కొండగుర్తు. ఆ తరువాత కొద్దిగా ఉప్పదనం వంటి భావన, చివరకు చేదు.

ఈ చివరి చేదును వర్ణించడంలో ఇతర భాషల వారు తడబడటం కనిపిస్తుంది. తెలుగులో చేదు, వగరు అనే రెండు మాటలు విడివిడిగా ఉండటం ఇక్కడ ఉపయోగపడుతుంది. వగరు అంటే పచ్చి వక్క, లేత జామకాయ తిన్నప్పుడు నోరు పట్టేసినట్లుండే స్థితి. ఎర్ర వైన్లలో ఉండేది ప్రధానంగా అదే, ద్రాక్ష తొక్కల నుండి, గింజల నుండి వస్తుంది. వెర్దిక్కియోలో తొక్కలను త్వరగా తీసివేస్తారు కనుక వగరు లేశమాత్రం. మిగిలేది చేదు. అదైనా కాకరకాయ, మెంతుల స్థాయిలో ఉండదు. నానబెట్టని బాదం పప్పును తొక్కతో నమిలినప్పుడు చివరలో తెలిసే రుచితో పోల్చవచ్చు. వైనులో బాదం ఏమీ కలపరు. తొలిసారి తాగేవారు దీనిని లోపంగా భావించడం సహజం. భోజనంతో తాగినప్పుడు ఈ చేదే నోటిని శుభ్రం చేసి తరువాతి ముద్దకు సిద్ధం చేస్తుంది. ఉత్తగా తాగితే కొంచెం మొరటుగా తోచే ఈ వైను వంటకం ప్రక్కన నెమ్మదించడానికి కారణం అదే.

దీనిని పరీక్షించడానికి సులభమైన మార్గం ఒకటి ఉంది. ఒక గుక్క వైను తాగి, తరువాత కొంచెం ఉప్పు చల్లిన నిమ్మ బద్దను నాలుకకు తగిలించి, మళ్ళీ ఒక గుక్క తాగాలి. రెండవ గుక్కలో అదే వైను పులుపు తగ్గి, మెత్తగా, పండు రుచితో ఉన్నట్లు తోస్తుంది. మారినది వైను కాదు, నాలుక. ఆహారంతో వైనును జోడించడమనే విద్య అంతా ఇంచుమించు ఈ పరీక్షలోనే ఉంది.

ఆహారంతో జోడింపు

మార్కే తీరంలో ప్రతి రేవుకూ తనదైన చేపల పులుసు ఉంది. దానిని బ్రొదెత్తో అంటారు. అమ్ముడుపోని చిన్న చేపలను జాలరులు కలిపి వండుకున్న వంటకం ఇది. అంకోనా బ్రొదెత్తోలో పదమూడు రకాల చేపలు ఉండాలని సంప్రదాయం. టమాటా, వెనిగర్ వేస్తారు. దక్షిణాన సాన్ బెనెదెత్తో దెల్ ట్రోంతోలో పచ్చి టమాటాలు, బెంగుళూరు మిర్చి, వెనిగర్ వాడతారు. పోర్తో రెకనాతిలో టమాటా లేకుండా కుంకుమపువ్వుతో పసుపు రంగులో వండుతారు. తెలుగు వారి చేపల పులుసులో చింతపండు చేసే పనిని మొదటి రెండింటిలో వెనిగర్, టమాటాలు చేస్తాయి. పుల్లని వంటకం ప్రక్కన పులుపు తక్కువ ఉన్న వైను నీళ్ళలా చప్పగా తోస్తుంది. వైనులో కనీసం వంటకంలో ఉన్నంత పులుపు ఉండాలి. వెర్దిక్కియోలో అది ఉన్నది. కుంకుమపువ్వు పులుసుకు లేత వైను కంటే రెండు మూడేళ్ళు నిలువ ఉన్నది మేలు. కుంకుమపువ్వు చేదు, వైను చేదు కలిసి ఒకదానినొకటి పెంచకుండా అప్పటికి వైను కాస్త గుండ్రబడి ఉంటుంది.

చేపలతో తెల్ల వైను అనే నానుడికి రసాయన కారణం కూడా ఉంది. వైనులో కరిగి ఉన్న ఇనుము సముద్రాహారంతో కలిసినప్పుడు నీచు వాసన పుడుతుందని 2009లో జపాన్ పరిశోధకులు ప్రయోగపూర్వకంగా చూపించారు. ఇనుము ఎక్కువ ఉండే వైన్లు ఎర్ర వాటిలో అధికంగా ఉంటాయి. తెల్ల వైన్లన్నిటిలో అది తక్కువని చెప్పలేము కాని, మొత్తం మీద జాలరుల అనుభవం వ్యర్థం కాదని తేలింది.

అంకోనాకు దక్షిణాన కొనేరో కొండ సముద్రంలోకి చొచ్చుకొని ఉంది. అక్కడి రాళ్ళకు పట్టి సహజంగా పెరిగే మస్సెల్ ఆల్చిప్పలను స్థానికంగా మోషోలి అంటారు. ఆల్చిప్పలను మూతపెట్టి ఉడికించి, వాటి నీటితోనే వడ్డిస్తారు. ఏ మసాలా అక్కరలేదు. ఇక్కడ లేత వెర్దిక్కియోకు మించిన జోడు లేదు. ఇటీవలి సంవత్సరాలలో వీటి సంఖ్య బాగా తగ్గి, పట్టడంపై ఆంక్షలు వచ్చాయి.

అంకోనా మరొక వంటకం ఎండు కాడ్ చేపతో చేసేది. ఏడ్రియాటిక్ లో దొరకని ఈ చేప నార్వే నుండి ఎండబెట్టి వస్తుంది. రోజుల తరబడి నానబెట్టి, బంగాళాదుంపలు, టమాటా, నెత్తళ్ళు, ధారాళంగా ఆలివ్ నూనె, వెర్దిక్కియో వైను వేసి సన్నని సెగపై గంటల తరబడి ఉడికిస్తారు. అడుగంటకుండా పాత్ర అడుగున రెల్లు పుల్లలు పరుస్తారు; గరిటె పెట్టి కలపరు. నూనె, దుంపల పిండి కలిసి నోటికి పూత పూసినట్లయ్యే ఈ వంటకానికి పులుపు, చేదు రెండూ ఉన్న వైను కావాలి. వండడానికి వాడిన వైనునే తాగడం ఇక్కడి ఆచారం. అయితే చేప రుచి గాఢమైనది కనుక మడ్డిపై ఎక్కువ కాలం ఉంచిన చిక్కని రకాన్ని ఎంచుకోవాలి.

వేపుళ్ళతో ఇది ఎందుకు బాగుంటుందో చెప్పనవసరం లేదు. వేయించిన రొయ్యలు, స్క్విడ్, నెత్తళ్ళపై నిమ్మకాయ పిండినట్లే ఇది పనిచేస్తుంది. మార్కే దక్షిణాన ఆస్కొలి పిచేనో పట్టణపు ఆలివ్ వేపుడు ప్రసిద్ధమైనది. పెద్ద పచ్చి ఆలివ్ కాయల గింజ తీసి, మాంసపు కీమా కూరి, రొట్టె పొడి అద్ది నూనెలో వేయిస్తారు. ఆలివ్ లోని చేదు, వైనులోని చేదు ఇక్కడ ఢీకొనకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, నడుమ మాంసపు కొవ్వు ఉండటమే దానికి కారణం.

ఇంతవరకు చెప్పినవి ఊహించదగినవే. వెర్దిక్కియో విలువ తెలిసేది మాంసం వద్ద. మార్కే లోపలి గ్రామాలలో కుందేలును అడవి సోంపు, వెల్లుల్లితో కూరి కాలుస్తారు. దీనిని పొర్కెత్తా పద్ధతి అంటారు. మతేలిక వైనులోని సోంపు వాసనకు ఈ వంటకంలోని సోంపు తోడై, రెండూ ఒకే చోట పుట్టినవన్న సంగతి నోటికి తెలుస్తుంది. విన్చిస్‌గ్రాస్సి అనేది పొరలు పొరలుగా పేర్చిన పాస్తా. నడుమ కోడి గుండెకాయ, కార్జం కలిపి చేసిన మాంసపు కూర, పాల సాసు ఉంటాయి. దీనితో ఎర్ర వైను తాగడమే ఎక్కువ వాడుక. కాని ఐదారేళ్ళ రిజేర్వా దీని ముందు తలవంచదు. పంది మాంసంతో చేసే మెత్తని చౌస్కొలో సాసేజ్ ను రొట్టెపై రాసుకొని తినేటప్పుడు కూడా లేత వెర్దిక్కియో కొవ్వును కోస్తుంది.

గొర్రె పాల పెకొరీనో జున్నులలో లేతవి లేత వైనుకు, ముదిరినవి రిజేర్వాకు తగినవి. శాకాహారంలో బఠాణీలు, చిక్కుడు గింజలు, సోంపు దుంప, ఆలివ్ నూనెతో చేసిన ఆకుకూరలు నప్పుతాయి. ఆర్టిచోక్ అనే కూరగాయ మాత్రం నాలుకను మాయచేసి, ఆ తరువాత తాగిన దేనినైనా తియ్యగా తోపిస్తుంది. దానితో ఏ వైనైనా కష్టమే. తీపి పదార్థాలతో తీపి లేని వైను పుల్లగా మారిపోతుంది, అందుచేత భోజనాంతంలో దీనిని తాగరు.

మిరప కారానికీ వైనుకూ పడదని సాధారణంగా అంటారు. మిరపలోని కాప్సైసిన్ నోటిలో మంట భావన కలిగించే నరాలనే ఆల్కహాలు కూడా ప్రేరేపిస్తుంది, కనుక ఆల్కహాలు ఎక్కువ ఉన్నకొద్దీ మంట హెచ్చుతుంది. వైనులోని చేదు కూడా కారంతో పైకి తేలుతుంది. ఆంధ్ర వంటకాలకు వెర్దిక్కియో తగినదని కొందరు అనడం పులుపు ఒక్కదానినే చూసి చెప్పే మాట. చింతపండు పులుపుకు అది నిలబడుతుంది, గుంటూరు మిరపకు నిలబడదు. కారం తగ్గించి వేయించిన చేప, కొబ్బరి పాలతో చేసిన రొయ్యల కూర వంటివాటి వరకు అయితే ప్రయత్నించవచ్చు.

నిలువ, వయసు

మామూలు వెర్దిక్కియోను కోసిన సంవత్సరం నుండి రెండు మూడు సంవత్సరాలలోపు తాగివేయడం మంచిది. మూత తీసిన సీసాను బిరడా పెట్టి ఫ్రిజ్ లో ఉంచితే రెండు మూడు రోజులు నిలుస్తుంది.

రిజేర్వాలు, మంచి తోటల వైన్లు చల్లని చీకటి చోట పదేళ్ళు, అనుకూలించిన సంవత్సరాలవి ఇంకా ఎక్కువ కాలం నిలుస్తాయి. కాలక్రమంలో నిమ్మ, పచ్చి ఆపిల్ వాసనలు తగ్గి ఎండిన చామంతి, తేనె, చెకుముకి రాయి రాపిడి వంటివి వస్తాయి. పులుపు తరగదు, దాని చుట్టూ ఉన్నవి మెత్తబడతాయి. తెల్ల వైను ఎంత కొత్తదైతే అంత మంచిదన్న నమ్మకం ఇటలీలో కూడా బలంగా ఉండేది కనుక, ఈ వైన్లను ఉత్పత్తిదారులే తమ నేలమాళిగలలో దాచి, తరువాతి కాలంలో పాత సీసాలు తెరిచి చూపించవలసి వచ్చింది.

సీసా కొనేటప్పుడు పట్టీపై మొదట చూడవలసినది కోత సంవత్సరం. తరువాత "క్లాసికో" అనే మాట ఉంటే అది యేజి మండలంలోని పాత, మూల గ్రామాల వైను అని అర్థం. మతేలిక వైన్లకు ఈ మాట వర్తించదు. అక్కడ తోట పేరు, ఉత్పత్తిదారు పేరు చూసి ఎంచుకోవాలి.